రామేశ్వరం పీత, అవ్వ వక్కాకు

ఈ ఎండాకాలం కర్నూలులో కూతురింట్లో కొన్నాళ్లు ఉండిపోదామని కడప నుంచి వస్తే, హాల్లో ఏసీ కింద, టీవీ పక్కన, గాజు పెట్టెలో రెండు పీతలు నాకంటే ముందే వచ్చి మకాం పెట్టి ఉన్నాయి. సన్యాసి పీతలట. సొంత గుల్ల లేక, చచ్చిన నత్తల గుల్లల్లో దూరి, వాటినే వీపున మోసుకుంటూ బతికే జీవాలు. నా ఈడువాళ్లు జంతుశాస్త్రం పుస్తకంలో బొమ్మ చూసి ఉంటారు. ఇప్పుడు వాటిని ఫోన్లో కొంటున్నారు. మా అల్లుడు గారు తన కూతురి, అంటే నా మనవరాలి, పుట్టినరోజుకు కొన్నారు. ఒకదాని గుల్లకు నీలం రంగు పూసి పిల్లి మొహం గీశారు, ఇంకోదానికి బంగారు రంగు. అడుగున గులాబీ రంగు గులకరాళ్లు, ఒక ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు, సీసా మూతంత గిన్నెలో నీళ్లు, ఆ నీళ్లలో ఒక స్పాంజి ముక్క. ఆహా, ఏం వైభోగం! సముద్రపు గాలి పీల్చి బతికే ప్రాణిని తెచ్చి, పెదవులు పగిలే కర్నూలు ఎండాకాలంలో, ఉన్న కాస్త తేమనూ లాగేసే ఏసీ కింద పెట్టి, దానికి కొబ్బరిచెట్టు చూపిస్తే సరిపోతుందని అనుకున్న ఆ తెలివికి ఏ సన్మానం చేసినా తక్కువే.

నేను నోరు తెరవకముందే అల్లుడు గారు నాకు పాఠం మొదలుపెట్టారు. కుక్కయితే తిప్పాలి, పిల్లి అయితే వెంట్రుకలు రాలుస్తుంది, వీటికైతే ఏ చాకిరీ అక్కర్లేదట. అన్నీ వీడియోల్లో చూశారట. వీడియోల్లో చూసిన చదువుకు అడ్డు చెప్పేంత చదువు నాకు లేదు కాబట్టి ఊరుకున్నాను. మూడో నాటికి బంగారు గుల్లది కదలడం మానేసింది. మనవరాలు పెట్టె దగ్గరే కూర్చుని అన్నం కూడా అక్కడికే తెప్పించుకుంటోంది. అల్లుడు గారు ఫోన్లోంచి తల ఎత్తకుండా, "ఏం కాదత్తా, వాళ్లు ఇంగొకటి పంపిస్తారు," అన్నారు. పిల్ల నా వైపు తిరిగి, ఇంకొకటి వస్తే మరి ఇది యాడికి పోతుంది అని అడిగింది. ఆ మాట విన్నాక నాకు ఆ గాజు పెట్టె కనిపించలేదు, కోడుమూరులో మా పుట్టింటి వంటగది కనిపించింది.

మా నాయనను కన్నతల్లిని మేము అవ్వ అనే పిలిచేవాళ్లం. ఆమె జన్మలో చేసిన దూరప్రయాణం ఒక్కటే, రామేశ్వరం. ఊరి ఆడవాళ్లంతా కూడబలుక్కుని బస్సు మాట్లాడుకుని పోయారు. నోట్లో వక్కాకు లేకుండా అవ్వను చూసినవాళ్లు మా ఊళ్లో లేరు. నడుముకు దోపుకున్న వక్కాకు తిత్తి ఆమెకు రెండో ప్రాణం, అందులో ఆకులు, వక్కలు, సున్నపుకాయ, ఒక చిన్న అడకత్తెర. బస్సెక్కేటప్పుడు బట్టల మూట మరిచిపోయింది గాని తిత్తి మరవలేదని మా అమ్మ చెప్పి చెప్పి నవ్వేది. తిరిగి వచ్చేటప్పుడు అవ్వ అందరిలా పటాలూ పూసలూ తేలేదు. ఒడ్డున తానే ఏరుకున్న పిడికెడంత గుల్ల ఒకటి కొంగున ముడి వేసుకుని తెచ్చి, దేవుని గూట్లో పెట్టి విభూతి పూసింది.

యాత్రకు పోయి వచ్చినవాళ్ల కాళ్లు కడిగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకోవడం మా వైపు మర్యాద. అందుకోసం వీధంతా మా నట్టింట చేరి ఉండగా, దేవుని గూట్లోని గుల్ల మెల్లగా అంచు దాకా నడిచి వచ్చింది. ముందు అందరూ చేతులు జోడించారు. కొందరు చెంపలు వేసుకున్నారు కూడా. గుల్ల కింద కాళ్లు కనబడ్డాక ఆ భక్తి ఎటు పోయిందో, పిల్లల్ని లాక్కుని వెనక్కి జరిగారు. అవ్వ మాత్రం గోడకు ఆనుకుని కూలబడింది. "పాపాలు కడుక్కోను పోయి, ఇంగొక పాపం మూట కట్టుకోని వస్తి గదరా," అంది మా నాయనతో. బతికున్న ప్రాణిని దాని చోటు నుంచి తెంపుకొచ్చానని ఆమె బాధ. అక్కడే, అందరి ముందరే, నోట్లో ఉన్న వక్కాకు ఉమ్మేసి నోరు పుక్కిలించి, అది మళ్లీ సముద్రం చేరిందాకా వక్కాకు ముట్టనని ఒట్టు పెట్టుకుంది. మా అమ్మకు ఆ క్షణాన ఎంత దిగులు పట్టుకుందో నాకు గుర్తే, ఎందుకంటే వక్కాకు లేని అత్తతో కాపురం చేయాల్సింది ఆమె.

ఇక మా చిన్నాయన గురించి చెప్పాలి. చెప్పాలంటే ఇప్పటికీ నా నోరు చేదవుతుంది. నాయన తమ్ముడు, లారీల పని మీద మద్రాసులో ఆరునెలలు ఉండి వచ్చినవాడు, ఆ ఆరునెలలను అరవై ఏళ్లు చెప్పుకుని బతికినవాడు. ఊళ్లో సముద్రం చూసిన మగవాడు తనొక్కడే కాబట్టి సముద్రం తన మామగారి సొత్తు అన్నట్టు మాట్లాడేవాడు. పీతకు ఇల్లు ఏర్పాటు చేసే పెత్తనం సహజంగా ఆయనకే పోయింది. పెళ్లిళ్లకు తప్ప దించని ఇత్తడి గంగాళం అటక మీంచి దింపించి, సముద్రపు ప్రాణికి కావాల్సింది నీళ్లే గదా, నింపండి అన్నాడు.

ఇక్కడ మా సీమ మనుషుల సంగతి ఒకటి చెప్పుకోవాలి. నీళ్లు లేని చోట పుట్టినవాళ్లకు నీళ్లకు మించిన మర్యాద తెలియదు. ఇంటికి ఎవరైనా వస్తే ఈత చాప వేయకముందే చెంబు అందిస్తాం. ఆ ఎండాకాలం హంద్రి ఏటి ఇసుకలో చెలమ తోడుకుని, ఊరిన నీటిని చిప్పతో ఎత్తి బిందె నింపుకుంటే గాని ఇంట్లో వంట లేదు. అలాంటి నీళ్లను, సముద్రం నుంచి వచ్చిన చుట్టానికని, వీధిలో ఇంటికొక చెంబు చొప్పున తెచ్చి గంగాళంలో పోశారు. స్నానం మానుకుని పోసినవాళ్లున్నారు. చిన్నాయన పక్కన నిలబడి ఇంకా, ఇంకా అని అంచు దాకా పోయించాడు. తర్వాత పీతను తీసుకుని, పెళ్లికొడుకును పీట మీద కూర్చోబెట్టినంత సంబరంగా అందులో వదిలాడు.

అది రాయిలా అడుక్కు పోయింది. అక్కడ గుండ్రంగా తిరుగుతూ, నున్నటి ఇత్తడి గోడ పట్టుకుని ఎక్కబోయి, జారి, మళ్లీ ఎక్కబోయి, మళ్లీ జారింది. చిన్నాయన మాత్రం అందరినీ పిలిచి, "చూడండప్పా, ఎట్ల ఈదుతాండాదో!" అన్నాడు. జనం తలలూపారు. ఎందుకూపరు, ఈతంటే ఏమిటో వాళ్లలో ఎవరు చూశారని? అవ్వ కాసేపు చూసింది. "ఈదేది కాదురా అది, సస్తాండాది," అని మోచేయి దాకా చేయి పెట్టి దాన్ని పైకి తీసింది. ఆ తర్వాత అంత నీళ్లు పీతకెందుకని గొణుక్కుంటూ ఆ గంగాళం నీళ్లు బిందెల్లోకి ముంచుకుని పోయి పశువుల తొట్టిలో పోసింది.

దాన్ని ఎక్కడ పెట్టాలన్నది మళ్లీ మొదటికొచ్చింది. నట్టింట కోళ్లు తిరిగేవి, వాకిట్లో కుక్క. చివరికి ఎవరి కాళ్లకూ అడ్డం రాని చోటని, వంటింటి మూలలో తాగే నీళ్ల కుండ కింద పెట్టింది. నా వయసువాళ్లకు ఆ మూల చెప్పనక్కర్లేదు. కుండ చల్లగా ఉండాలని కింద హంద్రి నుంచి తెచ్చిన ఇసుక జానెడు ఎత్తున పోసి, రోజూ నీళ్లు చల్లుతూ ఉండేవాళ్లం. ఎండాకాలమంతా ఆరని చోటు ఇంట్లో అదొక్కటే. పక్కనే ఉప్పు కుండ, దాని అడుగు నుంచి ఎప్పుడూ ఉప్పునీరు ఊరుతుండేది. కోళ్లు పొడవకుండా అవ్వ చుట్టూ తడిపిన గోనెసంచి కప్పింది. ఆమెకేదో శాస్త్రం తెలిసి చేసిందని నేను చెప్పను, తెలియదు. చోటు లేక పెట్టింది. పీత మాత్రం ఆ తడి ఇసుకలో తిరుగుతూ, ఉప్పు కుండ దగ్గర ఆగుతూ, కొబ్బరి ముక్కలూ అరటితొక్కా తింటూ, మద్రాసు చూసొచ్చిన మనిషి కట్టించిన ఇంటిని వెక్కిరిస్తున్నట్టు హాయిగా బతికింది.

కొన్నాళ్లకు అది కనబడకుండా పోయింది. ఇసుక లోపలికి దూరింది. అది పెరగాలంటే భూమిలోకి పోయి పాత చర్మం విడుస్తుందని ఇప్పుడు మనవరాలు ఫోన్లో చదివి చెప్పింది గాని, అప్పుడు ఎవరికి తెలుసు? చచ్చింటుంది, కంపు కొట్టకముందే తవ్వి పారేద్దామని చిన్నాయన పార పట్టుకొచ్చాడు. అవ్వ కుండ ముందు చాప వేసుకుని కూర్చుంది. వక్కాకు లేక అప్పటికే ఆమెకు తలనొప్పి, చేతుల వణుకు, ఇంట్లో అందరి మీదా విసుగు. చింతగింజలు నోట్లో వేసుకుని చప్పరించేది. పక్కింట్లో ఎవరైనా అడకత్తెరతో వక్క కత్తిరిస్తే ఆ చప్పుడుకు కళ్లు మూసుకునేది. ఒట్టు గట్టు మీద పెట్టమని ఊరి ఆడవాళ్లు చెప్పారు, అయ్యవారు కూడా వచ్చి పరిహారం ఉందన్నాడు. ఆమె వినలేదు. చాన్నాళ్లకు ఒక పొద్దున ఇసుక పగిలి, ఎర్రగా మెరిసే కొత్త కాళ్లతో అది బయటికి వచ్చినప్పుడు అవ్వ ఏడ్చింది. నేను ఆమె ఏడవగా చూడడం అదే మొదలు.

రామేశ్వరం మళ్లీ పోవడానికి ఆమె మోకాళ్లు ఒప్పుకోలేదు. వానలు పడ్డాక చిన్నాయన లారీ పని మీద మద్రాసు బయలుదేరాడు. వేరే దారి లేక అవ్వ ఆయన చేతికే ఇచ్చింది. బెల్లం డబ్బాకు మేకుతో బెజ్జాలు కొట్టి, తడి ఇసుక పోసి, పైన తడిగుడ్డ కప్పి, సముద్రం ఒడ్డున ఎండ లేని వేళ చూసి వదలమని, వదిలాక అది ఎటు పోతుందో చూసి రమ్మని పదిసార్లు చెప్పింది. ఆయన తిరిగొచ్చే రోజు తెలుసుకుని తమలపాకులు తెప్పించి తడిబట్టలో చుట్టింది, కొత్త వక్కలు కత్తిరించింది, ఎండిపోయిన సున్నంలో నీళ్లు కలిపింది. తిత్తి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. చిన్నపిల్ల మాదిరి ఉండినాది ఆమె ఆ సాయంత్రం.

చిన్నాయన చేతిలో డబ్బా లేకుండా దిగాడు. అవ్వ లేచి ఎదురుపోయి, ఎట్ల పోయిందిరా అని అడిగింది.

"యెట్ల పోతుందిమా, ఇడ్సంగానే చేపపిల్ల మాదిరి ఈదుకుంటా పోయె. కనపడిందాకా నిలబడి చూస్తి," అన్నాడాయన.

గంగాళంలో అడుక్కు పోయినదాన్ని తన చేత్తో పైకి తీసిన మనిషి ఆమె. "కాళ్లు కడుక్కో పో, అన్నం తిందువు," అంది. అంతే. ఆ తమలపాకులు పశువుల కొట్టంలోకి పోయాయి. తిత్తి గోడ మేకుకు తగిలించింది. ఆమె పోయిందాకా అది అక్కడే ఉంది. పీత లారీలో ఎండిపోయిందో, దారిలో ఎక్కడ పారేశాడో, మాలో ఎవరమూ ఆయన్ను అడగలేదు, ఆమె అడగనివ్వలేదు. నాకు కడుపు మండేది ఒక్కటే. పని చక్కబెట్టాను గదా అని చిన్నాయన ప్రతి సంతకూ ఆమెకు మంచి ఆకులు ఏరి తెచ్చేవాడు, ఆమె తినలేదన్న సంగతి ఏనాడూ గమనించలేదు. ఆ తర్వాత ఆయన పెద్దమనిషి అయ్యాడు, కాంట్రాక్టులు చేశాడు, పంచాయితీలకు పిలిస్తే మద్రాసు కబుర్లు చెప్పేవాడు. అలాంటివాళ్లకు ఆయుష్షు కూడా గట్టిదే.

ఇదంతా మనవరాలికి చెప్పాను. ఆ పిల్ల లేచింది. పోయి ఏసీ ఆపింది. ఇద్దరం ఆటోలో బజారుకు పోయి వెడల్పాటి మట్టి తొట్టి, పైకి గాజు మూత తెచ్చాం. ఇసుక కడిగి, అది దూరేంత లోతుగా, పిడికిట్లో నిలిచేంత తడిగా పోశాం. ఒక మూకుడులో నిలవబెట్టిన మంచినీళ్లు, ఇంకో మూకుడులో సముద్రపు ఉప్పు కలిపిన నీళ్లు, మునిగిపోకుండా ఎక్కి రావడానికి రెండింట్లోనూ రాళ్లు, మార్చుకోవడానికి రంగు పూయని గుల్లలు. ఇల్లంతా మట్టి వాసనని అల్లుడు గారు ముక్కు మూసుకున్నారు. పిల్లి మొహం గుల్లది మరునాటికే ఆ బొమ్మను వదిలేసి మామూలు గుల్లలోకి మారింది, దానికున్న రుచి కొన్నవాళ్లకు లేకపోయింది. బంగారు గుల్లది ఇసుకలోకి దూరింది. ఉందో పోయిందో తెలియదు. తవ్వకూడదని పిల్ల చీటీ రాసి మూతకు అంటించింది.

మొన్న అడిగింది, వీటిని సముద్రానికి ఎప్పుడు తీసుకుపోదాం అమ్మమ్మా అని. అల్లుడు గారు ఫోన్లోంచి తల ఎత్తకుండానే, తన స్నేహితుడెవరో చెన్నై పోతున్నాడు, ఇచ్చి పంపిద్దాం అన్నారు. పిల్ల నా మొహం చూసింది. మనమే పోదాం అన్నాను. అన్నాక, అందాకా నేనూ ఏదో ఒకటి మానుకోవాలి గదా అనిపించింది. వక్కాకు అలవాటు మాలో ఎవరికీ మిగల్లేదు. నాకున్నది కాఫీ ఒక్కటే, అది మానుకుందామని గట్టిగానే అనుకున్నాను. ఇంతమందిని ఇంతసేపు తిట్టినదాన్ని. తెల్లారి కూతురు కాఫీ తెచ్చి చేతికిచ్చింది. తొట్టి పక్కన కూర్చుని, ఇసుక వైపు చూస్తూ, తాగేశాను.