మా మేనత్త అడిగిన మాట

నా చిన్నప్పుడు మా ఊరి పిల్లలం తుపాకీ చప్పుడుకూ టపాకాయ చప్పుడుకూ తేడా చెప్పగలిగేవాళ్ళం. కరీంనగర్ వైపు పల్లె మాది. ఎవరు ఎవరిని ఎందుకు చంపారన్నది ఇప్పుడు తవ్వుకుని లాభం లేదు. నాకు పదకొండేళ్ళప్పుడు, బడికి వెళ్ళే దారిలో, మాకు లెక్కలు చెప్పే సారు రోడ్డు పక్కన ప్రాణం లేకుండా పడి ఉన్నాడు. ఒక చెప్పు కాలికే ఉంది, ఇంకొకటి దూరంగా పడి ఉంది. ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. అన్నం తిన్నాను, ఆడుకున్నాను.

ఆ తర్వాత నా తీరు మారింది. వచ్చే లారీకి ఎదురు పరుగెత్తి ఆఖరి క్షణంలో పక్కకు దూకేవాణ్ణి. మా పొలం బావి చుట్టూ ఉన్న సన్నటి గోడ మీద కళ్ళు మూసుకుని నడిచేవాణ్ణి. నాన్న తాడుతో కొట్టాడు. దెబ్బలు మానకముందే మళ్ళీ ఎక్కాను. భయం లేక కాదు. ఎలాగూ పోయేవాళ్ళమే కదా, జాగ్రత్త దేనికి అనిపించేది.

ఒక మధ్యాహ్నం మా మేనత్త నన్ను ఆ గోడ మీద చూసింది. బీడీలు చుట్టి బతికే మనిషి. అరిస్తే ఉలిక్కిపడి పడిపోతాననుకుందేమో, చప్పుడు చేయకుండా వచ్చి నా దారికి అడ్డంగా గోడ మీదే కూర్చుంది, ఒళ్ళో బీడీల చాటతో. దాటి పోవడానికి చోటు లేక నేనూ కూర్చున్నాను. చాలాసేపు ఆకు చుడుతూనే ఉంది. తర్వాత తలెత్తకుండా అడిగింది.

“సారు పోయిన దినం ఏం జూసినవ్ బిడ్డా?”

ఎందుకిలా చేస్తున్నావని అందరూ అడిగారు. ఏం చూశావని ఎవరూ అడగలేదు. చెప్పాను. దూరంగా పడి ఉన్న ఆ చెప్పు సంగతి దగ్గర ఏడుపు ఆగలేదు. ఆమె ఓదార్చలేదు. “నేను గూడ జూసిన. నాకు గూడ నిద్ర వడ్తలేదు” అంది. ఆ ఏడాదంతా సాయంత్రాలు ఆమె దగ్గరే కూర్చున్నాను. గోడ ఎక్కడం ఒక్కరోజులో మానలేదు. ఎక్కాలనిపించడం మాత్రం కొద్దికొద్దిగా తగ్గింది.

ఇప్పుడు నాకు యాభై నాలుగేళ్ళు. ఖతార్‌లో బిల్డింగు పనుల ఫోర్‌మన్‌ని. నా కింద కెన్యా నుంచి వచ్చిన ఇరవై మూడేళ్ళ యువకుడు పనిచేస్తాడు. మంచి పనివాడు. కానీ నాలుగో అంతస్తు ఎత్తున సేఫ్టీ బెల్టు తగిలించకుండా పరంజా పైపుల మీద నడుస్తాడు. రెండుసార్లు హెచ్చరించారు. ఇంకోసారి దొరికితే ఇంటికి పంపేస్తారు, అదీ పడకుండా ఉంటే. మేముండే కూలీల క్యాంపులో మనవాళ్ళే, “నల్లోళ్ళు గంతే అన్నా, ఆళ్ళకు భయముండది” అన్నారు. ఆ మాట వినేసరికి అలసట ముంచుకొచ్చింది.

“నేను గూడ గట్లనే ఉంటి. నా రంగుకు ముడివెట్టిండ్రా ఎవరన్న?” అన్నాను.

శుక్రవారం సెలవు. అల్ మన్సూరా బస్తీలో చాయ్ దుకాణం ముందు అతని పక్కన కూర్చుని, నాకొచ్చిన ముక్కల ఇంగ్లీషులో ముందు మా సారు సంగతి చెప్పాను. తర్వాత, నువ్వేం చూశావని అడిగాను. అతను చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“మా అన్నను చంపేశారు, అంకుల్. మా వీధిలోనే. నా ముందే” అన్నాడు. చిన్నప్పుడు తనతో బంతి ఆడి, ఇప్పుడు బతికిలేనివాళ్ళ పేర్లు చెప్పబోయి మధ్యలో ఆపేశాడు. పాతికేళ్ళు దాటి బతుకుతానని తానెప్పుడూ అనుకోలేదట.

శనివారం బెల్టు తగిలించాడు. ఆదివారం మరిచాడో, వద్దనుకున్నాడో, తగిలించలేదు. నేను కింద నుంచి కేక వేయలేదు. మోకాళ్ళు పీకుతున్నా పైకెక్కి, అతను కొక్కెం తగిలించేదాకా పక్కనే నిలబడ్డాను.

ఈమధ్య డ్యూటీ అయ్యాక నా గదికి వస్తున్నాడు. ఒకరోజు మాట్లాడతాడు, ఒకరోజు ఊరికే కూర్చుంటాడు. పొద్దంతా ఎండలో నిలబడి వచ్చాక నాకు వినే ఓపిక ఉండదు. అయినా మంచం మీద జరిగి చోటిస్తాను. పొద్దంతా బీడీలు చుట్టిన మా మేనత్తకూ ఆ సాయంత్రాలు ఓపిక ఉండి ఉండదని ఇన్నేళ్ళకు తెలిసింది. ఒక్కరోజు కూడా నన్ను లేచి వెళ్ళమనలేదు.