అటూ ఇటూ ఒకే తూకం

అది 2006. సునామీ వచ్చి వెళ్లి ఏడాదిన్నర అయింది. పోర్ట్‌బ్లెయిర్ షాదీపూర్‌లో మా నాన్న హార్డ్‌వేర్ కొట్టును ఆనుకుని ఉన్న చిన్న గదిలో నేను ఫోటో స్కానింగు, ఇంటర్నెట్టు దుకాణం నడిపేదాన్ని. రెండు కంప్యూటర్లు, ఒక స్కానరు, వాన పడితే మొరాయించే లైను, ఇదీ నా సంస్థానం. పనికి మాత్రం కరువు లేదు. ఉప్పునీళ్లలో నానిన సర్టిఫికెట్లు, సగం చెరిగిన పెళ్లి ఫోటోలు పట్టుకుని జనం వచ్చేవారు. వాటిని స్కాన్ చేసి, చేతనైనంత బాగుచేసి, విశాఖపట్నంలోని ఒక కలర్ ల్యాబ్‌కి పంపేదాన్ని. ప్రింట్లు ఓడలో తిరిగి వచ్చేవి.

పంపడానికి వాడేది ఎఫ్‌టీపీ ప్రోగ్రాం. మన కంప్యూటర్లోని ఫైలుని ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్లో పెట్టే సాధనం అన్నమాట. తెరిస్తే తెర నిలువునా రెండు భాగాలవుతుంది. ఎడమ వైపు మన దగ్గరున్న ఫైళ్లు, కుడి వైపు ల్యాబ్ దగ్గరున్న ఫైళ్లు. ప్రతి పేరు పక్కనా దాని సైజు అంకెల్లో ఉంటుంది. పైన వరసగా మెనూలు, కింద పని ఎంతవరకు అయిందో చూపించే పచ్చ గీత. ఎడమ వైపున్న ఫైలుని మౌస్‌తో పట్టుకుని కుడి వైపుకి లాగి వదిలితే చాలు. మూడేళ్లుగా రోజూ అదే పని కాబట్టి ఆ ప్రోగ్రాంలో నాకు తెలియనిది లేదని నా నమ్మకం. కాస్త పొగరు కూడా ఉండేది, దాచడమెందుకు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం నూకరత్నం వచ్చింది. రోజూ హోప్ టౌన్ నుంచి బోటులో హార్బరు దాటి వచ్చి, బజారులో చేపలమ్మే మనిషి. యాభై దాటి ఉంటాయి. నాకంటే పాతికేళ్లు పెద్దదైనా నన్ను దీదీ అనే పిలిచేది. మా దీవుల్లో గల్లా వెనక కూర్చున్న ఆడపిల్ల ఎవరైనా దీదీయే. ఖాళీ బుట్ట గుమ్మం బయట దించి, కొంగు ముడి విప్పి, నాలుగు మడతల ప్లాస్టిక్ కవరులోంచి ఒక నలుపు తెలుపు ఫోటో తీసింది. తిరునాళ్ల స్టూడియోలో, రంగుల పరదా ముందు, నడుం మీద చెయ్యేసుకుని పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న ఒక ఆడమనిషి.

“మాయమ్మ. నవ్వొద్దన్నాడట ఫోటో తీసినోడు. అలగనీసరికి ఇంకా నవ్వొచ్చీసిందట,” అని తనూ నవ్వింది. అచ్చం అదే నవ్వు.

వాళ్లమ్మకు ఈ లోకంలో మిగిలిన ఫోటో అదొక్కటే. నీళ్లు ఇంట్లోకి వచ్చిన రోజున నూకరత్నం రేషన్ కార్డు కూడా వదిలేసి, దీన్ని కొంగున కట్టుకుని కొండెక్కింది. గొడవంతా దాని గురించే. భీమిలి దగ్గర ఆమె అక్క అప్పలకొండ కొత్తగా పక్కా ఇల్లు కట్టుకుంది. వచ్చే గురువారం గృహప్రవేశం. అమ్మ ఫోటో లేకుండా గుమ్మంలో కాలు పెట్టనని ఆమె పంతం. ఫోటో అక్కడికి పంపెయ్యమని ఏడాదిగా అడుగుతోంది, ఈమె పంపనంటోంది.

“మళ్లీ సముద్రం లేస్తే అమ్మ పోద్ది, నాకిచ్చియ్ అంటాది దీదీ. తనేటి కొండ మీదున్నాదా? దాని గుమ్మం ముందూ సముద్రమే కదా!”

“మరి ఎవరైనా ఊరెళ్తుంటే ఇచ్చి పంపొచ్చు కదా పిన్నీ?”

“ఓడెక్కినదేదీ మళ్లీ నా సేతికి రానేదు. నానివ్వను.” అంతవరకు గట్టిగా మాట్లాడిన మనిషి గొంతు తగ్గించింది. “పంపకపోతే నాకు సెల్లి నేదనుకుంటానని నెల కిందట ఫోను పెట్టీసింది. మరి ఎత్తట్లేదు. ఆ ఒడ్డున నాకింకెవులున్నారు దీదీ?”

స్కాన్ చేసి విశాఖ ల్యాబ్‌కి పంపితే వాళ్లే ప్రింటు తీసి అక్కకిస్తారని చెప్పి, అక్క ఫోను నంబరు రాసుకుని, ఫోటో స్కానర్ మీద పెట్టాను. మూత వెయ్యబోతే నా మణికట్టు పట్టుకుంది.

“మూతేసీస్తావా? అమ్మకి ఊపిరాడొద్దా?”

తన మాటకి తనే పకపకా నవ్వేసింది గానీ, స్కాన్ అయ్యేదాకా చెయ్యి మాత్రం వదల్లేదు. తర్వాత నేను ప్రోగ్రాం తెరిచి, ఫైలు పట్టుకుని కుడి వైపుకి లాగాను. పచ్చ గీత ఒక చివర నుంచి ఇంకో చివరకు పాకడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా ఆమె కుర్చీ వేసినా కూర్చోలేదు.

“ఎల్లిపోనాదా?”

“వెళ్లిపోయింది. ఇదిగో, కుడి పక్కన కనబడుతోంది చూడు.”

“మరి ఎడం పక్కన ఇంకా ఉన్నాదేటి?”

“ఇక్కడ ఉంటూనే అక్కడికి వెళ్తుంది పిన్నీ. చేపలా కాదు.”

ఆమె ఒకసారి ఎడమ వైపు, ఒకసారి కుడి వైపు చూసింది. “ఓలమ్మో! ఇచ్చీసినా మన కాడే ఉంటాదా? అరె, ఈ ముక్క ముందే సెప్పుంటే ఏడాది పాటు అక్కతో తిట్లు తినకపోదును కదా!” అని నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ పూటంతా నా వీపు మండింది, మనసు మాత్రం గాల్లో తేలింది.

సోమవారం ఉదయం అదే మనిషి అమ్మకం కూడా మానుకుని, నిండు బుట్టతో నా కొట్టు మీదికి వచ్చింది.

“ఏటి సేసీసావు దీదీ మాయమ్మని?”

ఫోటో వచ్చిందని ల్యాబ్ వాళ్లు ఫోను చేస్తే, అప్పలకొండ శనివారం బస్సెక్కి అక్కడికి వెళ్లిందట. తెర మీద చూపించారట. నుదురు, కళ్లు, ముక్కు బాగానే ఉన్నాయి. ముక్కు కింద నుంచి బూడిదరంగు చారలు. నవ్వు లేదు. నెల రోజుల తర్వాత అక్క ఫోను చేసింది, తిట్టడానికి. “అమ్మ మూతి నాకివ్వకుండా దాసీసుకున్నావా?” అందట. చెబుతూ చెబుతూ నూకరత్నం ఏడ్చేసింది. గురువారానికి ప్రింటు, ఫ్రేము కావాలంటే ఫైలు ఆ పూటే చేరాలని ల్యాబ్ వాళ్లు చెప్పారట.

“లైను ప్రాబ్లం అయి ఉంటుంది పిన్నీ. వానలు కదా,” అన్నాను. ఆ రోజుల్లో మా దగ్గర ఆ మాట అంటే ఎవరూ మారు మాట్లాడేవారు కాదు. నా వైపు నుంచి పని సరిగ్గానే అయిందని చూపించడానికి ప్రోగ్రాం తెరిచి, తెర ఆమె వైపు తిప్పాను.

నూకరత్నానికి ఇంగ్లీషు రాదు, తెలుగూ చదవడం రాదు. కానీ అంకెలొచ్చు. ముక్కు తెరకి ఆనేంత దగ్గరగా వంగింది.

“పేరు పక్కన ఈ అంకెలేటి?”

“ఫైలు సైజు. బరువనుకో.”

“మరి రొండు పక్కలా ఒకటి కాదేటి? ఇటు సివరి మూడంకెలూ ఆరొందల పన్నెండు. అటు ఐదొందల నలభై తొమ్మిది. అరవైమూడు తక్కువ.”

నేను ఇంకా తీసివేత మొదలుపెట్టలేదు.

“పొద్దున్న హోప్ టౌన్‌లో బుట్ట తూస్తాను, బజారులో మళ్లీ తూస్తాను. ఒడ్డు దాటినా తూకం మారకూడదు దీదీ. మారిందంటే దారిలో ఎవులో సెయ్యెట్టినారు. ఇదీ అంతే. పక్కా.”

మూడేళ్లు. ప్రతి రోజూ నా కళ్ల ముందున్న అంకెలవి. వాటిని ఒక్కసారైనా పోల్చి చూసిన పాపాన పోలేదు. చెవులు వేడెక్కాయి. పైనున్న మెనూల్లో ట్రాన్స్‌ఫర్ అనేది తెరిచి, అందులో ట్రాన్స్‌ఫర్ టైప్ మీదికి వెళ్లాను. అక్కడ రెండు రకాలుంటాయి. యాస్కీ అనేది ఉత్త అక్షరాలున్న ఫైళ్లకు. దారిలో ప్రోగ్రామే పంక్తుల చివరి గుర్తులను అవతలి కంప్యూటరుకు తగ్గట్టు సరిచేస్తుంది. బైనరీ అంటే ఉన్నది ఉన్నట్టు, ముట్టుకోకుండా పంపడం. ఫోటోలకు బైనరీయే ఉండాలి. టిక్కు యాస్కీ మీద ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. శుక్రవారం పొద్దున ఒక లాడ్జి వాళ్ల వెబ్ పేజీ పంపడానికి నేనే యాస్కీకి మార్చాను. తిరిగి మార్చడం మరిచిపోయాను. ప్రోగ్రాం వాళ్లమ్మ ఫోటోని ఉత్తరమనుకుని, అందులో పంక్తి చివరి గుర్తుల్లా కనబడినవాటిని అరవైమూడు చోట్ల పీకేసింది.

“లైను కాదు పిన్నీ. నేనే. నా తప్పు.”

ఆమె నా మొహం వంక చూసింది. కళ్లలో ఇంకా నీళ్లున్నాయి. “అయితే దారిలో మేసీసింది నువ్వేనన్నమాట!” అని నవ్వడం మొదలుపెట్టింది. నాకూ ఆగలేదు. పక్క కొట్టులోంచి నాన్న తొంగిచూసి, ఇద్దరికీ మతి పోయిందనుకుని వెళ్లిపోయారు.

బైనరీ పెట్టి, ఫైలు మళ్లీ లాగాను. తెర మధ్యలో ఒక చిన్న పెట్టె లేచింది. అవతల ఇదే పేరుతో ఒక ఫైలుంది, ఓవర్‌రైట్ చెయ్యమంటావా అని. అంటే పాతదాన్ని తీసేసి, దాని చోట కొత్తది పెట్టడం.

“ఏటంటాది?”

“అక్కడున్న పాడైపోయినదాన్ని చెరిపి, మంచిది పెట్టమంటావా అంటోంది.”

“అక్కడ సెరిపితే ఇక్కడ సెరిగిపోదు కదా?”

“పోదు.”

“నానే నొక్కుతాను.” చేపల చెయ్యి చీరకి తుడుచుకుని, నేను చూపించిన చోట ఊపిరి బిగబట్టి నొక్కింది. ఆ తర్వాత రెండు రోజులు నా మౌస్ చేపల వాసన కొట్టింది.

గీత చివరిదాకా పాకింది. ఇద్దరం తల దగ్గర తల పెట్టి అంకెలు పైకి చదివాం. ఇటు ఆరొందల పన్నెండు. అటు ఆరొందల పన్నెండు. వెంటనే ల్యాబ్‌కి ఫోను కలిపాను. ఎత్తిన ఆపరేటరు, “పూర్తిగా వచ్చిందమ్మా. నూకరత్నంగారి అక్క పొద్దున్నుంచి ఇక్కడే కూర్చున్నారు, కదలనంటున్నారు. ఉండండి, చూపించి ఫోనిస్తాను,” అన్నాడు. ఫోను నూకరత్నం చేతికిచ్చాను. అవతల నుంచి నాకు కూడా వినబడేంత గొంతు.

“ఏటే నూకీ... తిన్నావా?”

అంతే. నెల రోజుల కోపం ఆ రెండు మాటలతో పోయింది. “తిన్లేదక్కా!” అని ఈమె, “పదకొండయినా తిన్లేదా, అదేటే!” అని ఆమె, ఇద్దరూ ఏడుస్తూనే నవ్వారు. నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు.

“నాకిచ్చీసినావు, మరి నీకేదే అమ్మ?” అంది అప్పలకొండ.

“నా కాడా ఉన్నాదక్కా! రొండు పక్కలా ఉన్నాది! తూకం సరిపోనాది!” అని అరిచింది నూకరత్నం. షాదీపూర్ సగం విన్నది.

ఆ రోజు నుంచి మా కొట్టులో ఒక నియమం. ఫైలు పంపగానే తెర గిరాకీ వైపు తిప్పి, రెండు వైపులా అంకెలు పైకి చదవాలి. లైను ప్రాబ్లం అనే మాట అంకెలు చూశాకే నోట్లోంచి రావాలి. ఇన్నేళ్లలో అది నన్ను ఎన్ని తిట్ల నుంచి కాపాడిందో లెక్కలేదు.

కానీ ఈ సంగతి అనగానే నాకు గుర్తొచ్చేది ఆ నియమం కాదు. మూడు వారాల తర్వాత ఓడలో నూకరత్నం ప్రింటు కూడా వచ్చింది. తీసుకుని మురిసిపోయి, కొంగు ముడి విప్పి, అదే ప్లాస్టిక్ కవరు నా బల్ల మీద పెట్టింది.

“దీని మీద అక్క అడ్రసు రాయి దీదీ. మా ఈదిలో అమ్మాయి రేపు ఓడెక్కుతోంది, ఇచ్చి పంపుతాను.”

“ఇది అసలు ఫోటో పిన్నీ! అక్కకి పెద్ద ప్రింటు వచ్చేసింది కదా. దారిలో పోతే?”

“పోతే నీ పెట్టిలో ఉన్నాది, అక్క గోడ మీదున్నాది, నా ఇంట్లో ఉన్నాది. ఇంకేటి భయం?” కవరు మీద అరచేత్తో ఒకసారి నిమిరింది. “ఇది అమ్మ సేత్తో పట్టుకున్న కాయితం. ఇన్నాళ్లూ నానొక్కదాన్నే పట్టుకున్నాను. అక్క కూడా పట్టుకోవాల కదా.”

కొండెక్కేటప్పుడు కూడా వదలని ఫోటో అది. అడ్రసు ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంటూ రాశాను, ఆమె మాత్రం బుట్ట నెత్తికెత్తుకుని, ఓడకి ఎన్నాళ్లు పడుతుందని అడిగి, “మూడు రోజులా? దానికంటే నీ అరగంటే నయం,” అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది. ఒక కాపీ భద్రంగా ఉందని తెలిస్తే మనిషి ఎంత ప్రాణప్రదమైనదాన్నైనా సంతోషంగా ఇచ్చేయగలడని ఆ రోజు చూశాను. అందుకే మా కొట్టుకి వచ్చే ప్రతి పాత ఫోటోకీ, యజమాని ఒప్పుకుంటే, ఒక కాపీ నా దగ్గర ఉంచుతాను. నూకరత్నం వాళ్లమ్మ అన్నిటికంటే పైన, మొదటి ఫోల్డర్లో, ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.