తలుపు తాళం వేసి ఉంది

చిన్న వ్యాపారాల సర్వేలో నాది కాంట్రాక్టు ఉద్యోగం. ట్యాబ్ పట్టుకుని ధర్మవరం నుంచి హిందూపురం దాకా తిరుగుతాను. జాబితాలో ఉన్నవి ఉన్నచోట ఉండవు. ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ దగ్గరి టీ బండి, జాబితా రాసినప్పటి నుంచి రెండుసార్లు చోటు మారింది. ధర్మవరంలో ఇంట్లో మూడు మగ్గాలు ఆడుతుంటాయి. "మాకు యాపారం యాడిదప్పా, కూలికి నేస్తాండాం" అంటారు. అదీ నిజమే. పట్టు ఇంకొకరిది.

ఈసారి హిందూపురంలో మా వీధి నా వంతుకు వచ్చింది. జాబితాలో మా ఇల్లూ ఉంది. వ్యాపారం: జాకెట్లు కుట్టడం. యజమాని: నా భార్య. ఆమె చనిపోయి నాలుగు నెలలైంది.

నేను "మూతపడింది" అని నొక్కాలి. "తలుపు తాళం" అని నొక్కాను. పొద్దున పనికి బయలుదేరేటప్పుడు తాళం నేనే వేశాను కాబట్టి అది అబద్ధం కాదు. వారం తర్వాత మళ్లీ అదే నొక్కాను. తాళం ఉంటే మూడుసార్లు వెళ్లి చూడాలని నిబంధన.

మూడోసారి, ఒక ఆదివారం, సూపర్‌వైజరే వచ్చాడు.

"ఏమప్పా, నీ ఇంట్లో నువ్వే దొరకవా?"

"పగలంతా డ్యూటీలో ఉంటా గదా సార్."

కుట్టుమిషను మీద కప్పిన పాత చీర చూసి, అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నా ట్యాబ్ తీసుకుని ప్రశ్నలు తనే అడిగాడు. మూతపడటానికి కారణాలు వరుసగా ఉన్నాయి: నష్టం, పోటీ, ముడిసరుకు దొరకకపోవడం, ఇతరములు. ఇతరములు నొక్కాడు. చివరిసారి పని జరిగిన తేదీ అడిగాడు. నేను ఆమె పోయిన తేదీ చెప్పాను.

పక్కింటామె గడప దగ్గర నిలబడి వింటోంది. "ఆ దినం యాడ కుట్టిందన్నా వదిన? అప్పటికి ఆస్పత్రికి పోయి వారమాయ. పోయే దినం ఆటో వచ్చి నిలబడినా, 'ఉండప్పా, రెండు హుక్కులే' అని నా జాకెట్టు ముగించి ఇచ్చినాకనే ఎక్కె."

"నేను యాడుంటి?"

"లోపల మందుల చీటీ ఎతుకుతాంటివి."

సూపర్‌వైజర్ నా వైపు చూశాడు. "ఏది రాయల్ల?"

వేళ్ల మీద లెక్కపెట్టి, వారం ముందటి తేదీ చెప్పాను. రాశాడు. సమాచారం ఇచ్చినవారు అన్న గడిలో నా పేరు కొట్టబోతుంటే, పక్కింటామె పేరు రాయమన్నాను.