పేకబల్ల దగ్గర నూట పదహార్లు

ఆ రోజుల్లో నాకు తెలియనిది ఏదైనా లైబ్రరీలో ఉంటుందనీ, లైబ్రరీలో లేనిది మనిషికి అక్కర్లేనిదనీ నమ్మేవాణ్ణి. ఆ నమ్మకం ఒక ఆదివారం ఉదయం ఎలా చెదిరిందో రాసిపెట్టాలని చాలాకాలంగా అనుకుంటూ బద్ధకిస్తూ వచ్చాను. ఇప్పుడు రాయక తప్పడం లేదు. మొన్న ఒక పెళ్ళి విందులో, ఇక్కడ అమెరికాలోనే పుట్టి పెరిగిన మా స్నేహితుల అమ్మాయి నా పక్కన కూర్చుని, ఎంతో గౌరవంగా, "అంకుల్, మీరు క్యాసినోలో లంచం ఇచ్చి జైల్‌కి వెళ్ళారంట, ట్రూనా?" అని అడిగింది. నేను జైలుకి వెళ్ళలేదు. ఇచ్చింది లంచం కాదు. నలభై ఏళ్ళుగా ఈ కథ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోతూ, పోయినచోటల్లా కాస్త ఒళ్ళు చేస్తూ వస్తోంది. ఇంకో పదేళ్ళు ఊరుకుంటే నేను క్యాసినో దోచుకున్నానని కూడా అంటారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అవి ఎనభైల మొదటి సంవత్సరాలు. నేను శాంటా క్లారాలో ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. చదివింది పాలిటెక్నిక్ డిప్లొమా. మిగిలినదంతా శాంటా క్లారా లైబ్రరీ పెట్టిన భిక్ష. టాక్స్ ఫారం నింపడం, మంచులో జారకుండా కారు చక్రాలకి గొలుసులు కట్టడం, బాత్‌రూమ్‌లో కారుతున్న టాంకు బాగుచేయడం, అన్నీ పుస్తకాలు చూసే నేర్చుకున్నాను. (ఇడ్లీ పిండి చలికి పులవకపోతే రొట్టెల పుస్తకంలో ఈస్టు అధ్యాయం చదివి దాన్ని కూడా దారిలోకి తెచ్చాను. ఆ ఇడ్లీలు రొట్టెల్లాగే ఉండేవన్నది వేరే సంగతి.) అక్కడ కౌంటర్లో ఒక పెద్దావిడ ఉండేవారు. కళ్ళజోడుకి ముత్యాల గొలుసు. నేను లోపలికి రాగానే "ఈ వారం ఏం నేర్చుకుంటున్నావు?" అని అడిగేవారు. ఆ ప్రశ్న కోసమే నేను వారానికి రెండుసార్లు వెళ్ళేవాణ్ణి. ఆవిడకి నేను పెట్టుకున్న పేరు గొలుసమ్మగారు.

నా రూమ్మేటుని అందరూ బాబాయి అనేవారు. వయసులో నాకంటే ఏడాదే పెద్ద. కాకపోతే ఇరవై ఎనిమిదేళ్ళకే బట్టతల వచ్చింది. ఎవరూ అడక్కపోయినా సలహా ఇచ్చే గుణం అంతకు ముందే వచ్చింది. గుంటూరు మనిషి. నేను లైబ్రరీ నుంచి పోకర్ ఆట మీద పాత పుస్తకం ఒకటి తెచ్చినప్పుడు, "రమ్మీ ఆడ్డానికి పుస్తకం చదివామా మనం?" అని వెక్కిరించినవాడే, నెల తిరిగేసరికి రోజూ సాయంత్రం నా ఎదుట కూర్చుని పేకలు కలిపేవాడు. పందేనికి కందిపప్పు గింజలు పెట్టుకునేవాళ్ళం. శుక్రవారానికల్లా ఎవరు ఎంత గెలిచినా అంతా సాంబారులోకి పోయేది. ఆ పుస్తకాన్ని నేను మూడుసార్లు ఆమూలాగ్రం చదివాను. అందులో ఒక లోపం ఉందని మాత్రం కనిపెట్టలేకపోయాను. అది వంటింటి బల్ల దగ్గర స్నేహితులు ఆడుకునే ఆట కోసం రాసిన పుస్తకం. అక్కడ ముక్కలు వంతులవారీగా అందరూ పంచుతారు. ఎవరికి వారే పంచుకునేచోట ఎవరికి ఎవరు టిప్పిస్తారు?

నెవాడాలోని రీనోలో ఒక క్యాసినోవాళ్ళు శనివారం ఉదయం చిన్న పోకర్ టోర్నమెంటు పెట్టారు. ప్రవేశ రుసుము కట్టి ఇద్దరం నా డొక్కు కారులో కొండలు దాటి వెళ్ళాం. ఆ కారుకి ఇంజను మార్చాలని మెకానిక్ ఆరు నెలల నుంచి చెబుతున్నాడు. గెలిస్తే ఇంజను, ఓడితే బస్సు అనుకున్నాను. బాబాయి ఆడలేదు. "నేను చూస్తానులే, నీ పుస్తకం సంగతి తేలాలి కదా," అన్నాడు.

ఆట ఏడు ముక్కలది. ఏడింటిలోంచి మంచివి అయిదు ఏరుకోవాలి, అంతే. మధ్యాహ్నం భోజనాల వేళకి బల్ల దగ్గర ఇద్దరం మిగిలాం. నేనూ, పెద్ద టోపీ పెట్టుకున్న ఒక పశువుల వ్యాపారీ. ముక్కలు పంచే ఆవిడకి యాభై దాటి ఉంటాయి. నెరిసిన జుట్టు, మందపాటి కళ్ళద్దాలు, ఓక్లహోమా యాస. అచ్చం మా పెద్దమ్మ బియ్యం ఏరుతున్నప్పుడు ఉండే మొహం, తల ఎత్తకుండానే అన్నీ చూసే మొహం. ఆవిణ్ణి పెద్దమ్మ అనే రాస్తాను.

చివరి ఆటలో టోపీ ఆయన ఉన్నదంతా ముందుకి తోశాడు. నేనూ తోశాను. ఆయన మూడు రాణులు చూపించాడు. నా దగ్గర రెండు తొమ్మిదులు, రెండు అయిదులు. రెండు జతల కంటే మూడు రాణులు పెద్దవి. ఆ సంగతి పుస్తకంలో ఎన్నో పేజీలో ఉందో కూడా నాకు తెలుసు. ముక్కలన్నీ బల్ల మీద తెరిచి పెట్టి, ఓడిపోయినా హుందాగా ఉండాలన్న అధ్యాయం గుర్తు చేసుకుని, ఆయనతో కరచాలనం చేయడానికి లేచాను. పెద్దమ్మ నా ముక్కల్లో అయిదింటిని వేలితో ముందుకి జరిపి, ఏ భావమూ లేని గొంతుతో, "అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. స్ట్రెయిట్ గెలిచింది," అంది. జతలు చూసుకున్న సంబరంలో, మూడు రాణుల్నీ కొట్టే ఆ వరుస కనిపించలేదు నాకు. చిన్నప్పటి నుంచి రమ్మీలో వరుసలే పేర్చినవాణ్ణి, పుస్తకం చదివి వరుస మరిచిపోయాను. నేను తేరుకునేలోగా టోపీ ఆయనే చెయ్యి చాచాడు.

తెరిచిన ముక్కల్ని ఉన్నవి ఉన్నట్టు చదవడం ఆవిడ విధి. అయినా ఆవిడ కళ్ళు చదవకపోతే నాకు ఇంజను లేదు. అంత మేలు చేసిన మనిషితో నేను అన్నదేమిటంటే, "మీరు చేసింది నిబంధనల ప్రకారం పూర్తిగా సరైనది." అది ప్రశంస అనే అనుకున్నాను. ఆవిడ నవ్వి, "థాంక్యూ, హనీ," అంది. డబ్బిచ్చే కౌంటర్లో మనిషి బహుమతి సొమ్ములో కొంత కావాలనే చిన్న నోట్లుగా ఇస్తే, "ఇవెందుకండీ, మడవడానికి ఇబ్బంది, పెద్దవే ఇవ్వండి," అని మార్పించుకున్నాను కూడా. ఆ చిన్న నోట్లు ఎందుకో నాకు తెలియలేదు. ఆయన నా వైపు చూసిన చూపు మాత్రం ఇప్పటికీ గుర్తే.

కొండల మీద మంచు పడుతోందంటే ఆ పూట మోటెల్లో ఆగిపోయాం. తెల్లవారి కాఫీ హోటల్లో టిఫిను ముగించి, బాబాయి పళ్ళెం కింద ఒక డాలరు పెట్టి, మాటవరసకి అడిగాడు.

"నిన్న ఆ పంచినోళ్ళకి ఎంతిచ్చావురా?"

"ఇవ్వడమేమిటి?"

బాబాయి కప్పు కింద పెట్టేశాడు. "ఏమీ ఇవ్వలేదా?"

"పుస్తకంలో ఎక్కడా లేదు."

"ఒరేయ్, కాఫీ పోసినావిడకి నేను డాలరు పెట్టా. నీకు ఇంజను పెట్టినావిడకి నువ్వు నిబంధన అప్పజెప్పి వచ్చావా?"

కృతఘ్నుడు అనే మాట మా నాన్న చాలా తక్కువమందిని అనేవాడు. ఆ కొద్దిమంది జాబితాలో నన్ను నేను చూసుకున్నాను. ఎంత ఇవ్వాలి? మామూలుగా అయితే లైబ్రరీకి ఫోన్ చేసి గొలుసమ్మగారిని అడిగేవాణ్ణి. ఆదివారం సెలవు. బాబాయికీ తెలియదు. పుస్తకం చేయి వదిలేస్తే మనిషికి మిగిలేది ఇంటి అలవాటే. మా ఇంట్లో శుభకార్యమైతే సన్నాయి వాయించినాయనకీ, పురోహితుడికీ నాన్న రెండు చేతులతో ఇచ్చేది నూట పదహార్లు. ఇంక ఆలోచించలేదు. వందనోటు నా దగ్గర ఉంది. చిల్లర నిన్ననే వద్దన్నాను కాబట్టి పదహారు బాబాయి జేబులోంచి వచ్చాయి. మోటెల్ కవర్లో పెట్టి, కారులో వెంకటేశ్వరస్వామి పటం దగ్గరున్న కుంకుమ తీసి నాలుగు మూలలా అద్దాను. తాంబూలం దొరకదు కనుక ఒక అరటిపండు కూడా పట్టుకున్నాను.

బాబాయిని బయట ఉంచి నేను క్యాసినోలోకి వెళ్ళేసరికి పెద్దమ్మ తన బల్ల దగ్గరే ఉంది. నేను వంగి, పండుతో సహా కవరు రెండు చేతులా చాచాను. ఆవిడ తీసుకోలేదు. రెండు అరచేతులూ గాలిలోకి ఎత్తి, ఇటూ అటూ తిప్పి చూపించింది. (ఖాళీ చేతులని పైనున్న కెమెరాకి చెప్పడమట అది. నేను ఏదో ఆశీర్వచనం అనుకున్నాను.) మెల్లగా, "హనీ, చేతికి కాదు. టేబుల్ మీద పెట్టు," అంది. నాకది అసలు మింగుడు పడలేదు. పెద్దావిడకి ఇచ్చే సంభావన బల్ల మీద పడేస్తామా? బిడియపడుతోంది కాబోలనుకుని, "లేదండీ, చేతికే ఇవ్వాలి," అని ఆవిడ కుడిచెయ్యి పట్టుకుని కవరు అందులో పెట్టి వేళ్ళు మూసేశాను.

ఆవిడ మొహం పాలిపోయింది. నల్లకోటు సూపర్‌వైజరు ఎప్పుడు వచ్చాడో తెలియదు. కాసేపటికి మేం ముగ్గురం ఒక చిన్న గదిలో ఉన్నాం. కవరు బల్ల మీద, పక్కన అరటిపండు. ఆయన వైపు నుంచి చూస్తే తప్పు పట్టలేం. నిన్న చివరి ఆటలో నా ముక్కలు చదివి నన్ను గెలిపించిన ఉద్యోగిని చేతికి, ఇవాళ నేను ఎర్ర గుర్తులు పెట్టిన కవరు పట్టుబట్టి అందించాను. దొంగాటకి గుర్తులు పెట్టిన ముక్కల కోసం జీవితమంతా వెతికిన మనిషికి కుంకుమ ఎలా కనిపిస్తుందో ఊహించుకోవచ్చు. పెద్దమ్మ ఒక్కటే మాట అంది. "పదిహేనేళ్ళుగా ఈ చేతులు ఎప్పుడూ ఖాళీయే." ఆ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అప్పటికిగాని నాకు అర్థం కాలేదు, నా మర్యాద ఆవిడ ఉద్యోగానికి ఎసరు పెడుతోందని.

నేను వివరించడం మొదలుపెట్టాను. సంభావన గురించి, సన్నాయి గురించి, శుభానికి సున్నాతో ముగిసే అంకె ఎందుకు పనికిరాదో దాని గురించి. ఎంత చెబితే అంత అనుమానం పెరిగింది. "అన్నీ సరే, పదహారు ఎందుకు?" అన్నాడాయన. నాకు తెలియదు. జీవితంలో మొదటిసారి ఒక ప్రశ్నకి లైబ్రరీ పుస్తకం పేరు కూడా చెప్పలేకపోయాను. ఆయన పెన్ను మూత తీసి, నీతో ఎవరైనా వచ్చారా అని అడిగి, బాబాయిని పిలిపించాడు. నన్ను నోరు మెదపవద్దన్నాడు.

బాబాయి వచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు. కవరు అప్పటికే సొరుగులోకి వెళ్ళింది.

"మీ దేశంలో, మీకు మేలు చేసినవాళ్ళకి గౌరవంగా డబ్బివ్వాలంటే ఎంతిస్తారు?"

బాబాయి రెప్ప కూడా వేయలేదు. "వన్ హండ్రెడ్ అండ్ సిక్స్‌టీన్, సర్."

సూపర్‌వైజరు పెన్ను ఆగింది. "డబ్బున్నవాడైతే?"

"వన్ థౌజండ్ వన్ హండ్రెడ్ అండ్ సిక్స్‌టీన్."

"లేనివాడైతే?"

"ఫిఫ్టీ ఎయిట్, సర్. అందులో సగం."

"ఎందుకు సిక్స్‌టీన్?"

"ఏమో సర్. మా నాన్న ఇచ్చాడు, వాళ్ళ నాన్న ఇచ్చాడు." ఆపైన నా వైపు తిరిగి తెలుగులో, "ఎందుకురా ఇన్ని ప్రశ్నలు, వీళ్ళింట్లో పెళ్ళా?" అన్నాడు.

నల్లకోటాయన పెన్ను మూత పెట్టేశాడు. అప్పుడు నవ్వాడు. ముందు పెద్దమ్మకి క్షమాపణ చెప్పాడు. తర్వాత నాకు పాఠం చెప్పాడు. ఇచ్చేది ఏదైనా అందరికీ కనపడేలా బల్ల మీద పెట్టాలి. ఆవిడ దాన్ని బల్ల అంచున ఒకసారి తట్టి డబ్బాలో వేస్తుంది. అది ఆ రోజు నాకు ముక్కలు పంచిన అందరికీ పోతుంది. ఒక్కరి చేతికి ఇవ్వడం మర్యాద కాదు, మిగిలినవాళ్ళని మరిచిపోవడం. ఇది ఏ పుస్తకంలో ఉంది అని అడగబోయి మానేశాను. బయటికి వచ్చి నోట్లు బల్ల మీద పెట్టాను. ఇంకో బల్ల దగ్గర నిన్న పొద్దున నాకు ముక్కలు పంచినవాళ్ళు నా వైపు చూసి తలలూపారు. పెద్దమ్మ నోట్లు తట్టి డబ్బాలో వేసి, ఖాళీ కవరు చూపించి, "ఇది డబ్బు కాదు కదా?" అని సూపర్‌వైజరుని అడిగింది. ఆయన కాదన్నాడు. ఆవిడ దాన్ని మడిచి జేబులో పెట్టుకుంది. అరటిపండు నల్లకోటాయన తిన్నాడు.

మూడేళ్ళకి మా అమ్మాయి పుట్టింది. ఆ వార్త ఒక కార్డు మీద రాసి క్యాసినో చిరునామాకి పెద్దమ్మ పేర పంపాను. రెండు వారాలకి రీనో నుంచి కవరు వచ్చింది. నాలుగు మూలలా ఎర్రగా అద్ది ఉంది. వాసన చూస్తే లిప్‌స్టిక్. లోపల నూట పదహారు డాలర్లు, ఒక చీటీ. "పాపకి. ఇక్కడ బల్ల లేదు కాబట్టి చేతికి ఇచ్చినట్టే అనుకో." ఆ చీటీ చదివినప్పుడు నా భార్య, ఇండియా నుంచి కొత్తగా వచ్చిన మనిషి, ఇక్కడ కూడా మనవాళ్ళు ఉన్నారే అంది. ఉన్నారన్నాను.

ఇంతమంది రుణం ఉంది కనుక ఒక్కొక్కరికీ చెప్పుకుని ముగిస్తాను. గొలుసమ్మగారికి నమస్కారం. సోమవారం వెళ్ళి పదహారు ఎందుకని అడిగితే, నెలరోజులు వెతికి, "ఈసారి నువ్వే కనుక్కుని నాకు చెప్పు," అన్నారు. (నూట పదహారు నిజాం రూపాయలు వంద ఇంగ్లీషు రూపాయలకి సరిపోయేవని ఒక పెద్దాయన తర్వాత చెప్పాడు. నిజమో కాదో నాకు తెలియదు.) బాబాయికి కృతజ్ఞతలు, ఆ ఒక్క జవాబుకీ, ఆ పదహారుకీ. టోపీ ఆయనకి, ఓడిపోయి కూడా తనే ముందు చెయ్యి అందించినందుకు. నల్లకోటాయనకి, పెన్ను మూత పెట్టినందుకు. ఆ రోజు నాకు పంచిన అందరికీ, ఒకరోజు ఆలస్యంగా. అందరికంటే పెద్దమ్మకి, నా ముక్కలు నాకు చదివి చెప్పినందుకు.

ఇంజను చాలా ఏళ్ళు నడిచి తుక్కుకి వెళ్ళింది. పుస్తకం తిరిగి లైబ్రరీకి వెళ్ళింది. నేను మాత్రం ఇప్పటికీ హోటల్లో టిఫిను ముగించాక టిప్పు బల్ల మీదే పెడతాను, అందరికీ కనపడేలా. కాకపోతే రెండు చేతులతో పెడతాను. చూసిన పిల్లలు నవ్వుతారు. ఎదురుగా హోటల్ అద్దంలో వంగి నోటు సర్దుతున్న ఆ ముసలాయన్ని చూస్తే నాకూ నవ్వొస్తుంది.