తడి కండె, తడి వెంట్రుక

మూడోసారి ఆమె తల కడిగినప్పుడే నాకు తెలిసింది. వెనక, మెడకు కాస్త పైన, పిడికెడు జుట్టు నీళ్లు పడ్డా ఉంగరాలు తిరగలేదు. బేసిన్‌లో నాచులా వాలిపోయింది. చూశాను. చూసి, తువ్వాలు చుట్టి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, స్ట్రెయిటెనర్ ప్లగ్ పెట్టాను. ఆ రోజూ, ఆ తర్వాత ఇంకో మూడుసార్లూ అదే పని చేశాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ రోజు ఒకటే వాక్యం రాసుకున్నాను: "వెనక పిడికెడు తిరగలేదు." ఎవరిదో రాయలేదు.

రెండేళ్ల కిందట, దీపావళి వెళ్లిన వారం, నన్ను హెయిర్ అసిస్టెంటును చేశారు. మహారాష్ట్రలోని సోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో, పవర్‌లూమ్‌ల చప్పుడు గోడలోంచి వినిపించే సందులో మా పార్లర్. మూడు కుర్చీలు, ఒక బేసిన్. అంత చిన్నచోట కూడా మెట్లుంటాయి. కొత్తగా చేరిన పిల్ల హెల్పర్: ఊడ్చాలి, తువ్వాళ్లు ఉతకాలి, తలలు కడగాలి. తర్వాత థ్రెడింగ్, అంటే దారంతో కనుబొమ్మలు దిద్దడం. ఆ తర్వాత హెయిర్ అసిస్టెంటు: జుట్టు ఆరబెట్టడం, ప్రెస్ చేయడం. అంటే వేడి పలకల మధ్య జుట్టును లాగి సాపు చేయడం. కత్తెర, రసాయనాలు మాత్రం యజమాని విమలక్క చేతిలోనే ఉండేవి. నేను హెల్పర్‌గా అందరికంటే ఎక్కువ కాలం ఉన్నాను. చెయ్యి కుదరక కాదు. థ్రెడింగ్ చేసే పిల్ల కస్టమర్‌తో ముచ్చట పెట్టాలి, నాకు నోరు లేచేది కాదు. మధ్యాహ్నం ఖాళీ దొరికితే తువ్వాళ్ల మూట మీద కూర్చుని లైబ్రరీ పుస్తకం చదువుకునేదాన్ని.

పార్లర్ పొగలకు ఊపిరి ఆడక, డాక్టరు గట్టిగా చెప్పడంతో ఈ ఏడాది ఆ పని పూర్తిగా మానేశాను. "ఇరవై ఆరేండ్లకే రిటైర్ అయిన పోరి మా ఇంట్లనే ఉన్నది," అని మా అమ్మ, బీడీలు చుడుతూనే, ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

అసిస్టెంటునయ్యాక నాకు వచ్చిన మొదటి కస్టమర్లలో మంజుల సిస్టర్ ఒకరు. హోట్గి రోడ్ వైపు ఒక ఆసుపత్రిలో కాంట్రాక్టు నర్సు. ఊరు కర్ణాటకలో, హల్యాళ అడవుల వైపు. వాళ్లు సిద్దీలు; ఎన్నో తరాల కిందట ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల సంతతి. వార్డులో, మాలాగే తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన బీడీ కార్మికుల దగ్గర మా తెలుగు నేర్చుకుంది. మాకంటే గట్టిగా మాట్లాడేది.

"ఏందే పిల్లా, నోట్లె తునికాకు పెట్టుకున్నవా? మాట్లాడవేందే?" అంది మొదటిరోజే. నేను నవ్వాను.

ఆమె జుట్టు ఒత్తుగా, సన్నటి స్ప్రింగుల్లా ఉండేది. ఊళ్లో వాళ్లమ్మ రెండేసి పాయలు మెలేసి కట్టేదట. ఇక్కడ కొత్తగా వచ్చిన మేట్రన్, అంటే నర్సుల మీద అధికారి, జుట్టంతా ముడివేసి నెట్‌లో పట్టించాలని, ఒక్క వెంట్రుక బయటికి కనబడకూడదని చెప్పింది. మంజుల సిస్టర్ జుట్టు నెట్‌లో పట్టేది కాదు. రెండుసార్లు అందరి ముందూ మాటలు పడి, మా దగ్గరికి వచ్చింది. రెండు వారాలకొకసారి ఆదివారం వచ్చేది.

ప్రెస్ చేయడానికి ఒక పద్ధతి ఉంది. తల కడిగి, జుట్టు పూర్తిగా ఆరబెట్టి, వేడినుంచి కాచే సీరం రాసి, సన్నటి పాయలుగా విడదీసి, ఒక్కో పాయ మీద ఒక్కసారే పలకలు నడపాలి. వేడి ఎంత పెట్టాలన్నది జుట్టును బట్టి ఉంటుంది. మా శిక్షణ పుస్తకంలో ఉంగరాల జుట్టుకు అర పేజీ ఉంది. అందులో ఇంత సన్నటి మెలికల జుట్టు ఊసే లేదు. విమలక్క తల మీద చెయ్యి వేసి చూసి, "మొండి జుట్టు, ఫుల్ పెట్టు," అంది. రెండువందల ముప్పై డిగ్రీలు పెట్టాను. ఇది ఆమె పొరపాటు.

రెండోది నాది. ఆ జుట్టు పూర్తిగా ఆరాలంటే గంటకు పైనే పడుతుంది. నేను కొంచెం తడి ఉండగానే ప్రెస్ మొదలుపెట్టాను, ఎవరూ చెప్పకుండానే. తొందరకు కాదు, నమ్మి చేశాను. మా నానమ్మ చేమగ్గం నేసే రోజుల్లో అడ్డపోగు చుట్టిన కండెల్ని నీళ్ల గిన్నెలో వేసి తీసేది. తడి నూలు లాగితే తెగదు. మెలిపడ్డ నూలునైనా తడిపి, లాగి ఆరబెడితే సాపవుతుంది. పుట్టినప్పటి నుంచి చూసింది అదే. పలకలు పెట్టగానే జుట్టు చుయ్యిమని ఆవిరి వదిలేది. చివరికి పట్టులా మెరిసేది. "చెయ్యి బాగుంది పోరిది," అంది విమలక్క. ఆ మాట డైరీలో రాసుకున్నాను.

మూడోసారి ఏం జరిగిందో పైనే చెప్పాను. ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. అప్పుడు వచ్చిన జవాబు: తర్వాతిసారి తిరుగుతుందేమో అనుకున్నాను. అసలు జవాబు: చెప్పాలంటే నోరు తెరవాలి.

ఆరోసారికి నుదుటి పైన పలచబడింది. కుర్చీ కింద ఊడుస్తుంటే వేలెడంత పొట్టి ముక్కలు చీపురుకు చిక్కాయి. ఏరి, కిటికీ దగ్గర చూశాను. సహజంగా రాలిన వెంట్రుకకు ఒక కొసన తెల్లటి చిన్న గుబ్బ ఉంటుంది, అది వేరు. వీటిలో ఒక్కదానికీ లేదు. అంటే రాలలేదు, మధ్యలో తెగాయి.

మంజుల సిస్టర్ అద్దంలో నుదురు తడుముకుని, "బోరు నీళ్లతోని రాలుతున్నదా విమలక్కా?" అని అడిగింది. విమలక్క అవునంది. వచ్చే ఆదివారం రీబాండింగ్ చేస్తే ఇంక ప్రెస్సింగే అక్కర్లేదని చెప్పి, రోజు ఖాయం చేసింది. రీబాండింగ్ అంటే మందు పూసి జుట్టు లోపలి కట్టునే విప్పి, సాపుగా మళ్లీ కట్టడం. ఆరోగ్యంగా ఉన్న జుట్టుకే అది భారం. ఇప్పటికే తెగుతున్న జుట్టుకు ఆ మందు పడితే కుదుళ్ల దాకా పోతుందని మాత్రం నాకు తెలుసు. నా చేతిలో ఏడు రోజులున్నాయి.

కానీ వేడి ఒక్కటే ఇంత చేసిందా? నా తడి సంగతేమిటి? అది తేల్చుకోకుండా ఎవరి ముందూ నిలబడలేననిపించింది. మర్నాడు పొద్దున నాయిన, ఊరి పక్క కుంభారిలో మా ఇంటి ముందు చాయ్ తాగుతున్నాడు. టవళ్ల మగ్గాల మీద రాత్రి పాళీ చేసి వచ్చాడు.

"నాయినా, తడి పోగు గట్టిదే గదా?"

"ఏ పోగు?"

"వెంట్రుక."

కప్పు కింద పెట్టి నా మొహం చూశాడు. "ఏందే, నెత్తి మీద పత్తి పండుతదా ఎవరికన్నా? పత్తి చెట్టుకు కాస్తది, తడిస్తే గట్టిపడ్తది. గొంగడి తడిపి చూడు, సాగుతది. పాణమున్నదాని ఒంటి మీద మొలిసేది అంతా గదే జాతి. నీదైనా నాదైనా అంతే. గింత చదువుతవు, గిది తెల్వదా?"

అమ్మ నవ్వింది. నేను డాబా మీదికి వెళ్లాను. మేకుకు నూలు పోగు కట్టి, కింద చిన్న కవరు వేలాడదీసి, అందులో ఒక్కో నట్టు వేస్తూ పోయాను. పొడి నూలు, తడి నూలు. తర్వాత నా జడలోని వెంట్రుకలు, పొడివి, తడివి. నాలుగు రోజులు పొద్దున్నే అదే పని. ప్రతిసారీ తడి నూలు ఎక్కువ బరువు మోసింది. ప్రతిసారీ తడి వెంట్రుక ముందు సాగి, తక్కువ బరువుకే తెగింది. మంజుల సిస్టర్ కూర్చున్న కుర్చీ దగ్గర ఏరిన ముక్కలు కవరు కట్టే ముడికే తెగిపోయాయి.

మిగిలింది పుస్తకాల్లో వెతికాను. మెలికల జుట్టులో ప్రతి మలుపూ ఒక బలహీనమైన చోటే. తల మీది నూనె ఆ మెలికలు దాటి కొసకు చేరదు, అందుకే అది ఎప్పుడూ పొడిగా ఉంటుంది. అంటే మొండిది కాదు, అన్నిటికంటే నాజూకైనది. అలాంటి జుట్టును తడిమీద అంత వేడికి అందిస్తే, పోగు లోపలి నీరు మరిగి పోగునే పగలగొడుతుంది. ఆ చుయ్యిమన్న చప్పుడు అదే. అలా కాలిన భాగం ఇక ఉంగరాలు తిరగదు. ఏ నూనె, ఏ క్రీమూ దాన్ని తిరిగి తేలేవు.

శనివారం విమలక్కకు చెప్పాను. రీబాండింగ్ వద్దని, జుట్టు చేతికి వస్తుందని, తప్పు జుట్టుది కాదు మనదని.

"ఆరుసార్లు చేసి, ఏడోసారికి శాస్త్రం యాదికొచ్చిందానే నీకు?" అంది.

"నేను చెయ్యనక్కా."

"నువ్వు చెయ్యకుంటే నేను చేస్త."

"అయితే ఆమెకు నేనే చెప్త."

పక్క కుర్చీలో థ్రెడింగ్ చేస్తున్న పిల్ల నోటిలోని దారం వదిలేసింది. నా గొంతు అంత పైకి వెళ్లడం అక్కడ ఎవరూ వినలేదు. విమలక్క దువ్వెనలు సర్దింది. చివరికి, "చెప్పు పో. నీ నోటితోనే చెప్పు. ఆమె మొఖం నేను చూడలేను," అని అంది.

ఆదివారం మంజుల సిస్టర్ వచ్చి కూర్చుంది. రెండో అద్దం వెనక పట్టుకుని, ఒక పాయ విడదీసి, నీళ్లు చల్లాను. కుదుళ్ల దగ్గర కొత్తగా పెరిగిన రెండు వేళ్ల మేర టక్కున మెలికలు తిరిగింది. దాని కింద జానెడు తీగలా వేలాడింది. కొస చీపురులా చీలి ఉంది.

"బోరు నీళ్లు కాదు సిస్టర్. మా ఇస్త్రీ. తడిమీద పెట్టింది నేనే, ఎవరూ చెప్పలే. రీబాండింగ్ చేస్తే ఉన్నది కూడా ఊడుతది."

ఆమె అరవలేదు. పుండు చూసినట్టు, అద్దంలో ఆ పాయనే చూసింది. "ఎంతవరకు బతికున్నది?"

"మెలి తిరిగినంత వరకు."

"నెత్తంతా ఇంతేనా?"

"పక్కల కొంచెం నయం. ముందూ వెనకా ఇంతే."

"నీకెప్పుడు తెలిసింది?"

"మొన్న... మొన్ననే సిస్టర్," అన్నాను.

అద్దంలో ఆమె కళ్లు కొంచెంసేపు నా మీద ఆగాయి. తర్వాత, చచ్చినదాన్ని మోస్తూ తిరగడమెందుకని అంది. "కోసెయ్. నువ్వే కొయ్యి, ఆమె కాదు."

నేను అప్పటిదాకా కత్తెర పట్టింది లేదు. విమలక్క తన కత్తెర తెచ్చి, నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. కొంచెం కొంచెం నీళ్లు చల్లుతూ, మెలి ఎక్కడ ఆగిందో అక్కడ ఒక్కో పాయ కోశాను. రెండు గంటలకు పైనే పట్టింది. ఆమె తల చుట్టూ రెండు వేళ్ల ఎత్తున, దగ్గరగా, నల్లటి ఉంగరాలు మిగిలాయి. అరచేత్తో ఒత్తుకుని చూసుకుంది. కళ్లు తుడుచుకుంది. ఆ వెంటనే నవ్వింది.

"నెట్టులకు పట్టేటందుకు జుట్టే లేదు. ఇగ మేట్రన్ ఏం చూస్తదో చూస్త."

మేట్రన్ మొదట అభ్యంతరం చెప్పిందట. జుట్టు మెడకు తగలడం లేదు, మొహం మీద పడడం లేదు, నియమంలో ఎక్కడ తప్పిందో చూపించమని మంజుల సిస్టర్ అడిగింది. చూపించలేకపోయింది.

ఆ తర్వాత ఆమె రెండు వారాలకొకసారి కాకుండా నెలకొకసారి వచ్చేది. వేడి అసలు పెట్టలేదు. చేతినిండా కండిషనర్ రాసి, జారుడు వచ్చాక, కొస నుంచి కుదురు వైపు వేళ్లతో చిక్కు తీసేదాన్ని. తడిమీద లాగకుండా. రెండేసి పాయలు మెలేయడం వాళ్లమ్మ ఫోనులో వీడియో పెట్టి నేర్పింది. "గట్టిగ గుంజకు బిడ్డా, నుదురు పోతది," అని కన్నడ, మరాఠీ కలిపి అరిచేది. కండెలు చుట్టిన ఇంట్లో పుట్టిన చెయ్యి కదా, తొందరగానే వచ్చింది. ఎనిమిది నెలలకు నుదుటి పైన పలచబడ్డ చోటు నిండింది. విమలక్క గోడ మీద ఒక కాగితం అంటించింది: జుట్టు తడి చూసి, ఒక పోగు లాగి చూసి, ఆ తర్వాతే వేడి. చేతిరాత ఆమెదే.

ఈ ఉదంతం నాకు రెండు విషయాలు నేర్పింది. ఒక పోగు గురించి తెలిసినదాన్ని, పరీక్షించకుండా ఇంకో పోగుకు వాడకూడదు. చేతికి తెలిసిన సంగతిని ఆ రోజే నోటితో చెప్పాలి. ఆలస్యంగా చెప్పిన నిజం కొంత జుట్టును కాపాడుతుంది, అంతకు ముందు పోయినదాన్ని తేలేదు.

కాంట్రాక్టు ముగిసి మంజుల సిస్టర్ సొంత జిల్లాకు వెళ్లిపోయే ముందు చివరిసారి వచ్చింది. తల కడిగించుకుని, మెలికలు వేయించుకుని, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ నా వైపు తిరిగింది. కోపంగా అనలేదు, మామూలుగానే అంది.

"మూడోసారి కడిగినప్పుడు నీ చేతులు నా నెత్తి మీద ఆగినయి పిల్లా. నర్సును నేను, చేతులు ఎందుకు ఆగుతయో నాకు ఎరుకే. నువ్వేం అనకపోతివి. ఏం లేదేమో అనుకున్న."