అన్నయ్య గొంతు ఎవరి చేతిలో ఉంది

మా వదినకు ఆఫీసులో తాళాలమ్మ అని పేరు. అవి ఇనప తాళాలు కావు. పుస్తకాలు చదివి రికార్డు చేసే స్టూడియోలో రికార్డులన్నీ దాచే సర్వరుకు కాపలా ఆవిడే. ఏ గది కంప్యూటరుకు ఏ ఫైలు కావాలన్నా సర్వరును అడగాలి. "సరే, కాసేపు నీదే" అని సర్వరు దాని తాళం ఇస్తుంది. ఆ కంప్యూటరు రాసుకున్నదంతా తన దగ్గరే పోగేసుకుని, సర్వరు అడిగినప్పుడు అప్పజెబుతుంది. ఈలోగా ఇంకో గది అదే ఫైలు అడిగితే ఆగి తీరాల్సిందే.

"ఇంట్లో టీవీ రిమోటుకూ ఈ పద్ధతి పెట్టరాదటోయ్?" అని ఆటపట్టించేవాడు అన్నయ్య. ఆ స్టూడియోలో పుస్తకాలు చదివేది అన్నయ్యే. ఎంత బాగా చదివేవాడో! అలాంటివాడికి గొంతులోనే పుండు లేచింది, పాడు రోగం. స్వరపేటిక తీసెయ్యాలన్నారు.

ముందుగా వందలకొద్దీ వాక్యాలు చదివి ఇస్తే, తర్వాత అన్నయ్య టైపు చేసినదాన్ని ఒక యంత్రం అన్నయ్య గొంతుతోనే పలుకుతుందట. ఇదివరకు చదివిన పుస్తకాలు దానికి పనికిరావట, అది అడిగిన వాక్యాలే కావాలట. మాటలు బొత్తిగా మానెయ్యమన్న డాక్టరు, ఆపరేషనుకు ముందురోజు ఆ ఒక్క పూటకు మాత్రం ఒప్పుకున్నాడు.

రికార్డింగ్ గదిలోకి ఫోన్లు తీసుకెళ్లరు. తలుపు మీద ఎర్రలైటు వెలిగిందంటే, కొంప అంటుకున్నా ఎవరూ తట్టరు. వేడినీళ్ల ఫ్లాస్కు పట్టుకుని నేను బయట బల్ల మీద కూర్చున్నాను.

మధ్యలో కరెంటు పోయి వచ్చింది. గదుల్లో కంప్యూటర్లు బ్యాటరీల మీద నడిచాయి, సర్వరు మాత్రం పడి లేచింది. పడి లేచిన సర్వరు కొంత గడువు పెడుతుంది. తాళాలు ఉన్నవాళ్లు ఆలోగా వచ్చి "ఇది నా దగ్గరుంది" అని చెప్పుకోవాలి. గడువు దాటితే ఎవరు అడిగితే వాళ్లది. ఆ గడువును వదిన ఎవరికోసమూ పెంచేది కాదు.

అందరూ వచ్చి చెప్పుకున్నారు, అన్నయ్య గది తప్ప. ఆ గది వైర్లు కలిసే డబ్బా కరెంటు దెబ్బకు చచ్చి ఊరుకుందని ఎవరికి తెలుసు? అవతల ఎడిటరు అదే ఫైలు కోసం తొందరపెడుతున్నాడు, చదివినంత మేర శుభ్రం చేసి సాయంత్రంలోగా యంత్రం వాళ్లకు పంపాలని. వదిన పరుగెత్తుకొచ్చింది.

"లోపల బాగానే సాగుతోందా అమ్మాయ్?"

"లైటు వెలుగుతోందిగా. తట్టనా వదినా?"

"అమ్మో, వద్దు! ఒకసారి ఆపితే ఆయన గొంతు మళ్లీ పెగులుతుందో లేదో. ఎర్రలైటుందంటే రికార్డవుతున్నట్టే."

అవుతూనే ఉంది, ఆ గది కంప్యూటరులో. సర్వరుకు చేరడం లేదు. ఆ లైటు గది సంగతే చెబుతుంది గానీ వైరు సంగతి చెప్పదు. ఇన్నేళ్ల పనిలో అది తెలియని మనిషి కాదు వదిన. ఆ పూట మొగుడి గొంతు తప్ప ఆవిడకు ఇంకేం తోస్తుంది? వెనక్కి వెళ్లిపోయింది. గడువు దాటింది. ఫైలు ఎడిటరు చేతికి పోయింది.

అన్నయ్య చెమటలు కక్కుతూ బయటికొచ్చాడు. "అమ్మయ్య, బతికిపోయాను!" అన్నాడు బొంగురుగా.

అప్పటికి ఎవరో ఆ డబ్బా బాగుచేశారు. గది కంప్యూటరు సర్వరు దగ్గరికెళ్లి, పోగేసినదంతా తీసుకోమంది. నీ గడువు దాటింది, ఫైలు ఇప్పుడు వేరేవాళ్లదని సర్వరు తోసిపుచ్చింది. తాళం పోయాక ఆ రాతలు చెల్లవు గనక, పద్ధతి ప్రకారం కంప్యూటరు తన దగ్గరున్నదంతా పారేసింది. మిగిలినవి కరెంటు పోకముందు చేరిన నాలుగు వాక్యాలే.

వదిన అక్కడే నేల మీద చతికిలబడింది. "నా చేతులతో నేనే ఇచ్చేశానండీ" అని గుండెలు బాదుకుంది. నేను ఎడిటరును నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, అతనేం చేశాడు! అన్నయ్య ఇద్దరినీ ఊరుకోమని సైగ చేసి మళ్లీ లోపలికెళ్లాడు. మొదటి వాక్యానికే దగ్గు తెర వచ్చింది. రుమాలు నిండా నెత్తురు. మర్నాడు పొద్దున్నే స్వరపేటిక తీసేశారు.

యంత్రం వచ్చింది, ఎవరిదో గొంతుతో. చక్కటి గొంతే, నాకు మాత్రం వింటే ఒళ్లు మండింది. ఇంటికొచ్చిన సాయంత్రం అన్నయ్య ముందుగదిలో కూర్చుని, చాలాసేపు తటపటాయించి, మొదటిసారి టైపు చేశాడు.

"ఏమోయ్, కాసిని మంచినీళ్లు ఇస్తావా?" అంది యంత్రం.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"ఎవరండీ?" అంది వదిన లోపల్నుంచే. "ఆయన ముందుగదిలోనే ఉన్నారు, కూర్చోండి."