సేత్తూరు ఆడపడుచు కేసు

మొన్న ఆదివారం మా మనవరాలు మదురై నుంచి వచ్చింది. నల్లకోటు వేసుకుని కోర్టుకు పోయే పిల్ల. మనసు బాగాలేని కక్షిదారులతో వకీళ్లు ఎలా మాట్లాడాలో వాళ్లకు క్లాసు పెట్టారట. "ఒక్కో ప్రశ్నే అడగాలంట అవ్వా. తొందర పెట్టకూడదంట. వాళ్లకు భయం లేని చోట కూచోబెట్టాలంట," అని దోసె తుంచుకుంటూ అప్పజెప్పింది. "దీన్ని నేర్పేదానికి ఏసీ హాలు ఎందుకే? మీ తాత మన వెనక వసారాలో నేర్చుకున్నాడు," అన్నాను. అది నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ వసారాలో కూర్చున్న మనిషి గుర్తొచ్చి చట్నీ గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

అరవైల మొదట్లో, నేను కాపురానికి వచ్చిన కొత్త. మాది తరతరాలుగా తమిళదేశంలో ఉన్న తెలుగు కుటుంబం; మా ఆయన రాజపాళయంలో వకీలు. ఇంట్లో మజ్జిగ అడిగినా జడ్జి ముందు వాదిస్తున్నట్టే అడిగేవారు. నేను మంజూరు చేసేదాన్ని. ఆయనకు చెల్లెలి వరస అయ్యే ఒకామెను పక్కనే ఉన్న సేత్తూరులో ఇచ్చారు. నాకు ఆడపడుచు. భర్త విషజ్వరంతో పోయాక ఆమె మనసు చెదిరింది. నీళ్లలో ఎవరో ఏదో కలిపారని ఇంట్లో కుండలన్నీ వీధిలో కుమ్మరించేది. మళ్లీ కొన్నాళ్లు బాగానే ఉండేది. బాగున్నా బాగాలేకున్నా కూతురికి మాత్రం వేళకు అన్నం పెట్టి, తలకు నూనె రాసి, జడ వేసి బడికి పంపేది. వాళ్ల బావగారు, అంటే భర్త అన్న, కోర్టులో కేసు వేశాడు. తల్లికి పిచ్చి, పిల్లను, పిల్లకు రావలసిన పత్తిచేనును నాకు అప్పగించండి అని. చేను పోతే పోయింది. పిల్ల పోతే ఆమె బతకదని మా అందరికీ తెలుసు.

తమ్ముణ్ణి తోడు తీసుకుని ఆమె మా ఇంటికి వచ్చింది. మా ఆయన ముందు గదిలో బల్ల వెనక కూర్చుని, గొంతు సవరించుకుని, ఒకదాని మీద ఒకటి ప్రశ్నలు వేశారు. ఆమె ఆయన చేతిలోని పెన్ను వైపే చూస్తూ కూర్చుంది. జవాబులన్నీ తమ్ముడే చెప్పాడు. లోపల వింటున్న నాకు ఒళ్లు మండింది. వాళ్లు పోయాక, "కేసు ఆమెదా, ఆమె తమ్ముడిదా? అట్ల అరిస్తే నాకే మాట రాదు, ఆమెకెట్ల వస్తుంది?" అని కడిగేశాను. మా ఆయనకు కోపం వచ్చింది. భోజనం చేయకుండా లేచారు. మర్నాడు వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు మాత్రం తమ్ముణ్ణి ముందు గదిలో పేపరు చదువుకోమని కూర్చోబెట్టి, కోటు విప్పి, వెనక వసారాకు వచ్చారు.

అక్కడ ఆమె, నేను చింతపండు గింజలు తీస్తున్నాం. ఆయన గడప మీద పక్కకు తిరిగి కూర్చున్నారు. ఒక్క మాట అడిగి, ఆమె జవాబు చెప్పేదాకా పెరట్లోకి చూస్తూ ఉండేవారు. షిఫ్టు మారే వేళ మిల్లు సంగు కూస్తే ఆమె ఉలిక్కిపడి ఆగిపోయేది; అది ఆగాక ఆయన మళ్లీ అదే మాట నెమ్మదిగా అడిగేవారు. ఆయనకు అంత ఓపిక ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఒకరోజు ఆమె చెంబు తోసేసి, "ఈ నీళ్లలో కలిపినారు అన్నా," అంది. లేదు పొమ్మంటారేమో అని భయపడ్డాను. "నాకట్ల కనపడలేదమ్మా. నీకు భయంగా ఉండాదా?" అన్నారు. "శానా భయం," అని ఆమె మొదటిసారి మా ముందు ఏడ్చింది.

ఆ తర్వాత మాట సాగింది. జడ్జి ఏమి అడుగుతారో, ఎక్కడ నిలబడాలో, తెలియనిది తెలియదంటే తప్పు లేదని అన్నీ చెప్పారు. "పాపను తీసుకపోరు కదా అన్నా?" అంది. "తీసుకపోకుండా చూస్తానమ్మా. కాని జడ్జి చెప్పేది నా చేతిలో లేదు." సుమ్మా, ఊరికే అయినా, ధైర్యం చెప్పొచ్చు కదా అని నాకు ఆయన మీద కోపం. ఆమె మాత్రం తల ఊపి, "నిజం చెప్పినావు," అంది.

కోర్టు రోజు పిల్లను మా ఇంట్లో మా అత్తగారి దగ్గర ఉంచి ముగ్గురం బస్సులో పక్క ఊరి కోర్టుకు పోయాం. దారిలో ఆమె చేలు చూస్తూ, ఎవరి పత్తి ఎలా విరగబూసిందో చెబుతూ వచ్చింది. నేను బయట వరండాలో కూర్చున్నాను. లోపల జడ్జి గొంతు మెత్తగానే వినిపించింది. "నీ కూతురి పేరేమమ్మా?" అని తమిళంలో అడిగారు. జవాబు లేదు. మళ్లీ అడిగారు. లేదు. "నిన్న చెప్పినావు కదమ్మా, చెప్పు!" అని మా ఆయన గొంతు పెరిగింది. ఇక ఆమె నోరు తెరవదని నాకు అర్థమైపోయింది. అవతలి వకీలు అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: కన్నబిడ్డ పేరే తెలియని తల్లి అయ్యా.

బయటికి వచ్చాక చెయ్యి పట్టుకున్నాను. కొంగు ముఖం మీదికి లాగి ఉంది. "ఏమే, ఎందుకు చెప్పలేదు?" అన్నాను. "బావగారు ఎదురుగా కూచోని ఉండారు కదా వదినా. ఎట్ల నోరు తెరిచేది?"

మా ఇళ్లలో పెళ్లయిన నాటి నుంచి భర్త అన్న ముందు ఆడదాని గొంతు వినపడకూడదు. ఆయన వసారాలోకి వస్తే మేం తలుపు వెనక్కి పోవాలి. మా బావగారు పోయేదాకా ఆయనతో నేను ఒక్క మాట మాట్లాడలేదు. మా ఆయన ఆ ఇళ్లలో పుట్టి పెరిగిన మనిషి. గాలి పీల్చినంత సహజం ఆయనకు అది. అందుకే తోచలేదు. జడ్జి ఎక్కడ కూర్చుంటారో చెప్పారు గాని, బావగారిని బయటికి పంపమని అడగాలనుకోలేదు. ఆమె మాట వినగానే పరుగున లోపలికి పోయి జడ్జికి చెప్పుకున్నారు. జడ్జి ఈ పక్క మనిషి కాదు, మా ఆచారం ఎరగరు. కన్నబిడ్డ కోసమైనా నోరు తెరవని తల్లి ఉంటుందా అన్నారట. అవతలి వకీలు, ఇప్పుడు కట్టిన కథ అన్నాడట.

తీర్పు వచ్చేదాకా తల్లీబిడ్డలు మా ఇంట్లోనే ఉన్నారు. అది బావగారి వైపు వచ్చాక పిల్లను మా ఇంటి ముందే బండి ఎక్కించుకుని పోయారు. ఆమె అరవలేదు. బండి మీద బావగారు ఉన్నారు. తలుపు వెనక నిలబడి, తలుపును గోళ్లతో గీకింది. పై కోర్టుకు మా ఆయన అర్జీ రాసి పంపారు; అది విచారణకు వచ్చేలోగా ఆమె అన్నం నీళ్లు మానేసి పోయింది. పావం, ఎంత చిన్న వయసు! మా ఆయన ఆ తర్వాత ఇంట్లో గొంతు పెంచి మజ్జిగ అడగలేదు.

పెదనాన్న బతికున్నంత కాలం ఆ పిల్లను మా గడప తొక్కనివ్వలేదు. ఆయన పోయాక ఒకనాడు తానే వచ్చింది, జుట్టు నెరిసిన మనిషి. కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి అడిగింది: "అత్తా, మా అమ్మకు నా పేరు కూడా గుర్తు లేదంట కదా?"

చెప్పాను, అంతా. ఆమె చెంపలు తుడుచుకోకుండా వింది. సేత్తూరు నుంచి మా ఇంటికి బస్సులో ఎంతసేపు గనక. ఆ ఒక్క జవాబు వినడానికి ఆ పిల్లకు తల్లి బతికినన్ని ఏళ్లకంటే ఎక్కువ పట్టింది.